యూకే టాలెంట్ వీసా: సీమ టెకీలు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. బెంగళూరులో ఒక ప్రొడక్ట్ కంపెనీలో పని. కరోనా టైంలో లాప్‌టాప్ సర్దుకుని ఇంటికొచ్చినవాణ్ని మళ్లీ పూర్తిగా వెనక్కి పోలేదు. యూకే గ్లోబల్ టాలెంట్ వీసాకి రెండుసార్లు అప్లై చేశాను, మొదటిసారి కొట్టేశారు, రెండోసారి ఇచ్చారు. ఈ సంగతి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పడినప్పటినుంచి కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, హిందూపురం నుంచి ఒకటే ఫోన్లు, అందరివీ దాదాపు అవే ప్రశ్నలు. నేను లాయర్ని కాదు. కాలు ఎక్కడ జారుతుందో జారి చూసినవాణ్ని, అంతే.

అసలు ఇదేం వీసా? ఉద్యోగం చేతిలో లేకుండానే ఇస్తారా?

ఇస్తారు. అందుకే దీని మీద ఇంత మోజు. స్కిల్డ్ వర్కర్ వీసా అయితే అక్కడి కంపెనీ స్పాన్సర్ చెయ్యాలి, ఆ ఉద్యోగం పోయిందంటే వీసా కూడా డోలాయమానమే. దీనికి స్పాన్సర్ అక్కర్లేదు, జీతం ఇంత ఉండాలన్న రూలు లేదు, వీసా కోసం ఐఈఎల్‌టీఎస్ రాయక్కర్లేదు. వెళ్లాక ఉద్యోగం చేసుకోవచ్చు, మానెయ్యొచ్చు, ఇంకోటి పట్టుకోవచ్చు, సొంత కంపెనీ పెట్టుకోవచ్చు. 2020 ఫిబ్రవరిలో పాత టైర్ 1 ఎక్సెప్షనల్ టాలెంట్ వీసా తీసేసి దీన్ని తెచ్చారు.

రెండు అంచెలుంటాయి. ముందు మీ రంగంలో మీరు పనిమంతులే అని ఒక సంస్థ ఎండార్స్‌మెంట్ ఇవ్వాలి. మన టెక్నాలజీ వాళ్లకి ఆ సంస్థ టెక్ నేషన్. తర్వాత హోం ఆఫీసుకి, అంటే వీసాలు ఇచ్చే అక్కడి ప్రభుత్వ శాఖకి, వీసా అప్లికేషన్. కష్టమంతా మొదటి అంచెలోనే, రెండోది పాస్‌పోర్టు, టీబీ సర్టిఫికెట్, డబ్బులు.

టాలెంట్, ప్రామిస్ అని రెండున్నాయి కదా, ఏది పెట్టాలి?

ఇప్పటికే రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లకి ఎక్సెప్షనల్ టాలెంట్, కెరీర్ మొదట్లో ఉండి పైకొస్తారనిపించేవాళ్లకి ఎక్సెప్షనల్ ప్రామిస్. ప్రామిస్ అంటే మామూలుగా ఈ రంగంలో ఐదేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లు. పన్నెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని ‘ప్రామిస్ అయితే ఈజీ అంట కదా’ అని ఒకాయన అడిగాడు. ఈజీ సంగతి తర్వాత, పన్నెండేళ్లయినా ఇంకా మొలకగానే ఉన్నానని మనమే రాసిచ్చినట్టు కదా అది. శాశ్వత నివాసానికి టాలెంట్ వాళ్లు మూడేళ్లకి, ప్రామిస్ వాళ్లు ఐదేళ్లకి అప్లై చేసుకోవచ్చన్నది ఇప్పటిదాకా ఉన్న లెక్క. సెటిల్‌మెంట్ రూల్స్ మారుస్తామని అక్కడి ప్రభుత్వం 2025లో ప్రకటించింది కాబట్టి దాన్ని మాత్రం అప్లై చేసే రోజు గవర్నమెంట్ సైట్‌లో చూసుకోండి, యూట్యూబ్‌లో కాదు.

అన్నా, నాది సర్వీస్ కంపెనీ. నాకు రాదా?

ఎక్కువ ఫోన్లు ఇవే. రాకుండా ఎలా ఉంటాయి, జేఎన్‌టీయూ అనంతపురం అయినా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అయినా క్యాంపస్‌కి వచ్చి పిల్లల్ని గంపగుత్తగా తీసుకుపోయేవి ఎక్కువగా సర్వీస్ కంపెనీలే.

ఉన్నమాట చెప్తా. టెక్ నేషన్ వాళ్లు చూసేది సొంత ప్రొడక్ట్ మీద నడిచే డిజిటల్ టెక్నాలజీ కంపెనీల్లో చేసిన పని. క్లయింటు చెప్పినది చేసిపెట్టే కన్సల్టింగ్, ఔట్‌సోర్సింగ్, సపోర్ట్ పనిని లెక్కలోకి తీసుకోరు. విదేశీ బ్యాంకు సిస్టమ్‌ని ఎనిమిదేళ్లు ఒక్క రాత్రి కూడా పడిపోకుండా చూసుకున్నా సరే, అది వాళ్ల దృష్టిలో సర్వీస్. బాధగానే ఉంటుంది, ఆ పని చిన్నదని ఎవరూ అనడం లేదు, ఈ వీసా దానికోసం పెట్టింది కాదు.

అయితే కంపెనీ పేరు చూసి మీకు మీరే కొట్టేసుకోకండి. పెద్ద సర్వీస్ కంపెనీల కడుపులో కూడా ప్రొడక్టులున్నాయి. ఇన్ఫోసిస్ గ్రూపులో ఫినకిల్ ఉంది, టీసీఎస్‌లో బ్యాంక్స్ (BaNCS) ఉంది, రెండూ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్లు, ప్రపంచంలో ఎన్నో బ్యాంకులు వాటిమీద నడుస్తున్నాయి. మీరు అలాంటి టీములో ఉంటే ఆ ప్రొడక్ట్ గురించే మాట్లాడండి, కంపెనీలో లక్షలమంది ఉన్నారన్నది వాళ్లకి అనవసరం. అదీ లేకపోతే దారి రెండు. ఒకటి, ఉద్యోగం బయట చేసిన పని, అంటే ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చి, వాడుకోగల సాఫ్ట్‌వేర్‌కి కోడ్ రాయడం), కాన్ఫరెన్సుల్లో మాట్లాడటం లాంటివి. అది ఒక్కటే సరిపోవడం కష్టం. రెండోది, ప్రొడక్ట్ కంపెనీకి మారి రెండు మూడేళ్లు కుదురుగా పనిచేసి అప్పుడు రావడం. నేను చేసిందదే. తొందరపడి ఈ ఏడాదే పెడతానంటే మీ ఇష్టం, కట్టిన ఎండార్స్‌మెంట్ ఫీజు మాత్రం వెనక్కి రాదు.

మొత్తం ఏమేం పెట్టాలి?

మూడు పేజీలకి మించని సీవీ. వెయ్యి పదాల లోపు పర్సనల్ స్టేట్‌మెంట్. మూడు రికమండేషన్ లెటర్లు. పది దాకా ఎవిడెన్సులు, ఒక్కొక్కటి మూడు ఎ4 పేజీలకి మించకూడదు. ఎవిడెన్సులు గత ఐదేళ్లలో చేసినవై ఉండాలి, కాలేజీలో కొట్టిన హ్యాకథాన్ కప్పు ఇంట్లో షోకేసులోనే ఉండనివ్వండి.

ఈ ఎవిడెన్సుల్ని క్రైటీరియా కింద సర్దాలి. అందరికీ తప్పనిసరి ఒకటి, అంటే రంగంలో మీకు గుర్తింపుందని. దాని తర్వాత నాలుగు ఆప్షనల్: కొత్తది కనిపెట్టి తయారుచేయడం, ఉద్యోగం బయట రంగానికి చేసిన మేలు, ప్రొడక్ట్ కంపెనీలో మీ టెక్నికల్ లేదా వ్యాపారపరమైన గట్టి పని, ఇక రీసెర్చ్. వీటిలో రెండు ఎంచుకోవాలి. తప్పనిసరిదానికీ, ఎంచుకున్న ప్రతిదానికీ కనీసం రెండేసి ఎవిడెన్సులు. నాలుగూ కొట్టేద్దాం, ఏదో ఒకటి తగలకపోతుందా అనుకుంటే పది కాగితాలూ చెల్లాచెదురై ఏదీ గట్టిగా నిలబడదు.

మంచి ఎవిడెన్స్ అంటే ఎలా ఉంటుంది?

నా మొదటి ఫైలు సంగతి చెప్తా, అప్పుడు తెలుస్తుంది.

మా కంపెనీది చిన్న షాపులకి బిల్లింగ్ యాప్. నెట్ పోయినా బిల్లు కొట్టుకోగలిగి, నెట్ వచ్చాక అన్ని బిల్లులూ తప్పుల్లేకుండా సర్వర్‌కి చేరేలా చేసే భాగం నేను రాశాను. గుత్తిలోనో తాడిపత్రిలోనో కరెంటు, నెట్ రెండూ పోయిన సాయంత్రం షాపు ముందు జనం నిలబడ్డప్పుడు అది ఎంత పెద్ద విషయమో మనకి తెలుసు. మొదటి అప్లికేషన్‌లో దాని గురించి ఏం పెట్టానంటే, కంపెనీ వెబ్‌సైట్ స్క్రీన్‌షాటు, యాప్‌ని మెచ్చుకున్న ఒక పేపర్ వార్త, ‘కష్టపడే స్వభావం, మంచి టీమ్ ప్లేయర్’ అని మేనేజర్ ఇచ్చిన లెటర్.

సబ్మిట్ కొట్టేముందు ప్రింటు తీసి మా నాన్నకి చూపించాను. ఆయన శెనక్కాయల మిల్లులో ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాడు, ఇంగ్లిష్ మెల్లగా కూడబలుక్కుని చదువుతాడు. అద్దాలు సర్దుకుని రెండు పేజీలు చదివి, ‘అంతా మేము మేము అనుంది. ఇందులో నువ్వెక్కడరా?’ అన్నాడు. నాకు చిరాకేసింది, ఇంగ్లిష్‌లో అలాగే రాస్తారు నాన్నా అన్నాను. ఆరు వారాలకి వచ్చిన రిజెక్షన్‌లో పెద్ద మాటల్లో ఉన్నది కూడా అదే: కంపెనీ సాధించింది కనపడుతోంది, దరఖాస్తుదారుడి సొంత పాత్ర కనపడటం లేదు.

మనకి చిన్నప్పటినుంచి ‘నేను చేశాను’ అనడం అలవాటు లేదు. సొంత డబ్బా అంటారు, కళ్లు నెత్తికెక్కాయంటారు. అప్రైజల్‌లో కూడా ‘వియ్’ అనే రాస్తాం. ఇక్కడ ఆ మొహమాటం పనికిరాదు. అలాగని ఊరికే ‘నేను, నేను’ అని నింపినా నమ్మరు, ఆ ‘నేను’ వెనక కాగితం ఉండాలి.

రెండోసారి అదే పనిని మూడు పేజీల్లో ఇలా పెట్టాను. మొదటి పేజీ పైన రెండే వాక్యాలు: సమస్య ఏంటి, నేను ఏ నిర్ణయం తీసుకున్నాను. దాని కింద ఆ రోజుల్లో నేను రాసిన డిజైన్ డాక్యుమెంట్ మొదటి పేజీ, తేదీ, రచయితగా నా పేరు, పేరు చుట్టూ ఎర్ర గడి. రెండో పేజీలో కోడ్ హిస్టరీ, ఏయే మార్పులు నా పేరు మీద ఉన్నాయో. మూడో పేజీలో మా ప్రొడక్ట్ హెడ్ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఉత్తరం. ‘ఫోన్‌లోనే బిల్లు నంబర్లు పుట్టించాలన్న ఆలోచన ఇతనిది, మేం మొదట ఒప్పుకోలేదు, అది వచ్చాక డూప్లికేట్ బిల్లుల ఫిర్యాదులు ఆగిపోయాయి’ అని రాసిచ్చాడు. ‘మేం మొదట ఒప్పుకోలేదు’ అన్న ఆ ముక్క టీమ్ ప్లేయర్ లాంటి మాటలు పది చెప్పినా చెప్పలేనిది చెప్పింది, ఎందుకంటే అది ఆయన తప్ప ఇంకెవరూ రాయలేని మాట.

కంపెనీ రహస్యాలుంటే లీగల్ వాళ్లని అడిగి, అంకెలు దాచి శాతాల్లో చెప్పుకోవచ్చు. అడక్కుండా మాత్రం పెట్టకండి.

రికమండేషన్ లెటర్లు ఎవరి దగ్గర తీసుకోవాలి? మా హెచ్‌వోడీ సార్ ఇస్తానన్నారు.

సార్ మీద గౌరవం ఉంచుకోండి, లెటర్ మాత్రం ఆలోచించి తీసుకోండి. మూడు లెటర్లూ డిజిటల్ టెక్నాలజీ రంగంలో నిలదొక్కుకున్న ముగ్గురు నిపుణుల నుంచి, మూడు వేర్వేరు సంస్థల నుంచి రావాలి. మీ పని వాళ్లకి కనీసం 12 నెలలుగా తెలిసుండాలి. వాళ్లెవరు, మీరెలా తెలుసు, మీరు ఏం చేశారు, దానివల్ల ఏమైంది, యూకేకి మీవల్ల ఏం లాభం, ఇవన్నీ ఉండాలి. తేదీ, సంతకం, ఫోన్, ఈమెయిల్ మరవకండి.

మన దగ్గర జరిగేది వేరు. ‘నువ్వే రాసుకొచ్చెయ్ నాయనా, సంతకం పెడతా’ అంటారు. మనం ముగ్గురికీ ఒకే రాత్రి కూర్చుని రాస్తాం, మూడింట్లోనూ అవే మాటలు, అదే ఫాంటు, ఒకచోట చేసిన స్పెల్లింగ్ తప్పు మూడుచోట్లా. చదివేవాళ్లు రోజంతా ఇవే చదువుతుంటారు, ఇట్టే పట్టేస్తారు. నేను కనుక్కున్న పద్ధతి ఏంటంటే, లెటర్ ఇచ్చేవాళ్లకి ఫోన్ చేసి ‘నాతో పనిచేసినదాంట్లో మీకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పండి’ అని అడిగి, వాళ్లు చెప్తుంటే రాసుకుని, ఆ నోట్సు మాత్రం వాళ్లకే పంపేవాణ్ని. రాసే పని వాళ్లదే. టైం పడుతుంది. ఒకాయన నెలన్నర చేశాడు, రెండు పండగలు దాటిపోయాయి, నాలుగుసార్లు గుర్తుచేశాను.

పెద్ద హోదా ఉందని మీరెవరో తెలియని సీఈవో దగ్గర తీసుకున్న లెటర్ కన్నా, మీ కోడ్ చదివిన ఇంజినీరింగ్ డైరెక్టర్ లెటర్ వందరెట్లు నయం. ఎమ్మెల్యే గారి లెటర్ గురించి కూడా ఒకరు అడిగారు. వద్దు.

మా ఊళ్లో మీటప్పులు, కాన్ఫరెన్సులు ఏమీ లేవు. ఉద్యోగం బయట పని ఎలా చూపించాలి?

ఓపెన్ సోర్స్‌కి ఊరితో పనిలేదు. కడప ఏడురోడ్ల దగ్గర రూములో కూర్చుని పంపిన మార్పుని జర్మనీలో ఉన్నాయన ఒప్పుకుంటాడు, ఆయనకి కావలసింది అది పనిచేస్తుందా లేదా అన్నదే. కాకపోతే రీడ్‌మీ ఫైల్లో, అంటే ప్రాజెక్టు పరిచయం రాసి ఉండే కాగితంలో, కామా సరిచేసినవి వంద చూపించినా విలువుండదు. నలుగురు వాడే ప్రాజెక్టులో ఒక నిజమైన సమస్య తీర్చి, దానిమీద జరిగిన చర్చ లింకుతో సహా పెట్టండి. మాట్లాడే అవకాశాలకి బెంగళూరు, హైదరాబాద్ ఒక్కరాత్రి బస్సు దూరం.

మెంటరింగ్ గురించి ఒక మాట. చెల్లెలి ఫ్రెండ్సుకి పైథాన్ నేర్పడం మంచి పనే, ఎవిడెన్స్ కాదు. ఎవరిని తీసుకోవాలో, ఎలా తీసుకోవాలో పద్ధతి ఉన్న ప్రోగ్రాములో చేసి ఉండాలి. మీ కంపెనీలోనే జూనియర్లకి నేర్పితే అది ఉద్యోగంలో భాగం.

ఇంకోటి, అప్లై చేసే నెల ముందు హడావుడిగా నాలుగు బ్లాగులు, రెండు టాకులు, గిట్‌హబ్‌లో (కోడ్ దాచి పంచుకునే సైట్) ఒక ప్రాజెక్టు పుట్టించారంటే తేదీలే పట్టిచ్చేస్తాయి.

డబ్బులిస్తే అవార్డు, పత్రికలో ఆర్టికల్ ఇప్పిస్తామంటున్నారు. తీసుకోవాలా?

వద్దు. నామినేషన్ ఫీజు కట్టినవాళ్లందరికీ వచ్చే అవార్డు ఎవరికి తెలియదు?

కన్సల్టెన్సీ పెట్టుకుంటే మంచిదా?

నా మొదటి ఫైలు చేసింది ఒక కన్సల్టెన్సీనే. పేరు చెప్పను. లక్షకి పైగా తీసుకుని, గ్యారంటీ అన్నారు. నా పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ‘లండన్‌లోని ఆరోగ్యరంగంలో విప్లవం తెస్తాను’ అనుంది. నేను చేసేది షాపుల బిల్లింగ్! ఇంకెవరిదో ఫైల్లోంచి ఎత్తి అతికించారు. చూసుకోకుండా సంతకం పెట్టింది నేనే కాబట్టి తప్పు సగం నాది. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఫారాలు నింపడంలో, వీసా చిక్కుల్లో సలహా కావాలంటే లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి, తప్పులేదు. మీ కథ మాత్రం ఇంకొకరు రాయలేరు. చాట్‌జీపీటీకి కూడా అదే వర్తిస్తుంది. గ్రామర్ దిద్దించుకోండి. మొత్తం రాయించుకుంటే మీదీ మీ పక్కవాడిదీ ఒకే మూసలో పోసినట్టుంటాయి.

ఖర్చెంత అవుతుంది?

2025లో ఉన్న లెక్క ప్రకారం ఎండార్స్‌మెంట్‌కి 561 పౌండ్లు, వీసాకి 205, రెండూ కలిపి 766. అసలు దెబ్బ హెల్త్ సర్‌చార్జి దగ్గర, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి కట్టే డబ్బు. పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, ఎన్నేళ్ల వీసా అడిగితే అన్నేళ్లదీ ఒకేసారి ముందే కట్టాలి. ఐదేళ్లకి 5,175, అంటే మన డబ్బుల్లో సుమారు 6 లక్షలు. వీసా ఎన్నేళ్లకి కావాలో, ఒకటి నుంచి ఐదు దాకా, మీరే ఎంచుకోవచ్చు కాబట్టి టాలెంట్ వాళ్లు కొందరు మూడేళ్లకే తీసుకుంటారు. వీసా రాకపోతే సర్‌చార్జి తిరిగిస్తారు. భార్య లేదా భర్తకీ, పిల్లలకీ విడివిడిగా 766, పిల్లలకి సర్‌చార్జి ఏడాదికి 776. ఇంట్లో నలుగురుంటే కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని, కూర్చున్నాకే లెక్కపెట్టండి. మీ వెంట వచ్చే భార్య గానీ భర్త గానీ అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు, కొంత ఊరట అది.

ఎన్ని రోజులు పడుతుంది? రిజెక్ట్ అయితే అంతేనా?

ఎండార్స్‌మెంట్‌కి 8 వారాల దాకా, ఆ తర్వాత ఇక్కడినుంచి వేసిన వీసాకి మామూలుగా 3 వారాలు. ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక 3 నెలల్లో వీసాకి అప్లై చెయ్యాలి, పెళ్లిళ్ల సీజనని వాయిదా వేశారో పోయినట్టే.

రిజెక్ట్ అయితే 28 రోజుల్లో రివ్యూ అడగొచ్చు, దానికి ఫీజు లేదు. కానీ కొత్త కాగితం ఒక్కటి కూడా పెట్టకూడదు, ఉన్నవాటినే తప్పుగా చదివారని చూపించాలి. నేను రివ్యూకి పోలేదు. వాళ్లు తప్పు చదవలేదు, నేనే తప్పుగా రాశాను. పదినెలలు ఆగి కొత్తగా పెట్టాను.

పాస్‌పోర్టులో పేరొకటి, మెమోలో ఒకటి, లెటర్లలో ఇంకోటి. ఇబ్బందా?

మన తెలుగువాళ్ల జబ్బు ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడి గడిలో, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆఫీసులో ఇనిషియల్, గిట్‌హబ్‌లో సినిమా హీరో పేరు. చదివేవాళ్లకి ఇంటిపేర్ల సంగతి తెలియదు, నలుగురు వేరువేరు మనుషులనుకుంటారు. లెటర్ ఇచ్చేవాళ్లందరికీ పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు పంపండి. గిట్‌హబ్ ప్రొఫైల్‌లో అదే పేరు పెట్టండి. సీవీ పైన ‘ఆఫీసు రికార్డుల్లో నా పేరు ఇలా ఉంటుంది’ అని ఒక్క లైను చాలు.

టీబీ టెస్టు, వేలిముద్రలు ఎక్కడ? మన జిల్లాల్లో ఉన్నాయా?

లేవు. యూకే వాళ్లు ఒప్పుకున్న క్లినిక్‌లోనే ఎక్స్‌రే తీయించుకోవాలి, ఊళ్లో డయాగ్నస్టిక్స్ రిపోర్టు చెల్లదు. కర్నూలు వాళ్లకి హైదరాబాద్, అనంతపురం వాళ్లకి బెంగళూరు, కడప వాళ్లు చెన్నైకి పోతారు. సర్టిఫికెట్ 6 నెలలే పనిచేస్తుంది కాబట్టి ఎండార్స్‌మెంట్ రాకముందే పరిగెత్తకండి. వేలిముద్రల అపాయింట్‌మెంట్ కూడా ఆ ఊళ్లలోనే.

దీనికన్నా అమెరికా ఈబీ-1ఏ మేలు కదా?

అది గ్రీన్ కార్డు దారి, పది క్రైటీరియాలో కనీసం మూడు చూపించాలి, ఇండియా వాళ్లకి అందులోనూ క్యూ ఉంది. ఎవిడెన్సులు చాలావరకు రెండింటికీ పనికొస్తాయి. నాకు మా చెల్లెలు మాంచెస్టర్‌లో ఉంది, నేను ఇంకేం ఆలోచించలేదు.

అన్నా, నా ఫైలు ఒకసారి చూస్తావా?

చూస్తా, కానీ సీవీ పంపకండి. ఒక ఎ4 కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ‘నేను ఇది చేశాను’ అని ఒక్కో లైను, కుడివైపు దానికి ఎదురుగా ఏ కాగితం ఉందో, దానిమీద ఎవరి సంతకం ఉందో. కుడివైపు ఖాళీగా ఉన్న లైన్లు ఎడమవైపు కొట్టేసి, మిగిలినది ఫోటో తీసి పంపండి. ఆదివారం పొద్దున ఉగ్గాని తిన్నాక నాకు రెండు గంటలు ఖాళీ ఉంటుంది. నాన్న కూడా పక్కనే ఉంటాడు, ‘మేము’ కనపడితే ఆయన ఊరుకోడు.